వెయ్యి ప్లేట్ల కోట మీద దండయాత్ర

ముందుగా మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, వయసు మళ్ళాక. ఒత్తు పెట్టాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట రెండు పెడతాను. ఒక పేజీ రాయడానికి నాకు పట్టే టైములో మా అమ్మాయి ఒక పెళ్ళికి సరిపడా ఉల్లిపాయలు తరిగేస్తుంది. ఇంకో సంగతి. సాయంత్రం బడిలో మా టీచరమ్మ దగ్గర ఉన్నవన్నీ పాత యుద్ధాల కథల పుస్తకాలే. వాటితోనే నాకు చదవడం వచ్చింది. అందుకని కలం పట్టుకుంటే నాకు "వెళ్ళాడు" కంటే "వెడలెను" ముందొస్తుంది. ఆపుదామన్నా ఆగదు. ఈ కథలో పెద్దావిడ నేనే. "నేను" అని రాస్తే సొంత డప్పు కొట్టుకున్నట్టు ఉంటుందని "ఆమె" అని రాస్తాను. డప్పు మాత్రం మానను.

ఓ చుక్కగుర్తూ, ప్రకటనల పాదపీఠమున ఆవగింజంత రూపముతో వెలయుదానా, పెద్దక్షరముల నీడలో చిన్నక్షరములను దాచి లోకమును మోహింపజేయుదానా, కళ్ళజోడు మరచి వచ్చినవారికి ఎన్నటికీ కానరానిదానా, మొదటి నమస్కారం నీకే. నువ్వు లేకపోతే ఈ కథ లేదు.

భానుడు తన ప్రతాపమునంతయు మధ్యాహ్నమునకు ముందే ఖర్చుచేయు ఎండకాలపు చివరి దినములలో, పరీక్షాఫలితములు వెలువడి పిల్లలకు నిద్రయు పెద్దలకు ఆకలియు నశించిన వేళ, నగరమునకు వెలుపల, లారీలు రొద పెట్టు రహదారి ప్రక్కన, అద్దాల మేడలతో, ఆగి ఆగి నీళ్ళు చిమ్ము ఫౌంటెనుతో, మనిషి ఎత్తు పూలకుండీలతో, చూపరుల గుండె ఝల్లుమనునట్లు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయ మహాదుర్గము నిలిచియుండెను. దాని సింహద్వారమున నీలిచొక్కా ధరించిన ద్వారపాలకుడొకడు, వచ్చినవారి పేరు, ఫోను నంబరు వ్రాసికొనుచు, వారేమి అడిగినను "లోపల కనుక్కోండి" అను ఒక్క మంత్రముతో సమస్త సందేహములను నివారించుచుండెను.

అట్టి దుర్గము మీదికి, నూనెవాసనయు ఉల్లివాసనయు ఎన్ని కడుగుళ్ళకూ వదలని ఒక పాత వ్యాను నెక్కి, ముగ్గురు యోధులు దండెత్తి వచ్చిరి.

మొదటివాడు గరిట. వంటల కాంట్రాక్టు కుటుంబమున జన్మించి, ఊయలలోనే పోపు చిటపటలు విని, పదివందల మంది విందును చెమట తుడుచుకొనకనే నడిపించి, ఉప్పు తక్కువైనదన్న పెళ్ళిపెద్దల నెందరినో కంటిచూపుతో కూర్చుండబెట్టిన బహుకటాహవిజేత, ధూమసముద్రతారకుడు. పెద్దావిడకు మరిది. అసలు పేరు రేషను కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

రెండవది పెద్దావిడ. భర్త పోయిన నాటి నుండి ఆ వంటశాలకు మూలస్తంభము. ఆమె కుడిభుజము మాత్రము, బరువైన డేగిసాలను పొయ్యి మీద నుండి దింపి దింపి విసిగి, కిందటేడు తిరుగుబాటు చేసినది. ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. జుట్టు ముడి వేసుకోవాలన్నా ఇంకొకరు రావాలి.

మూడవది ఆమె కూతురి కూతురు. సన్నగా ఉంటుంది, ఎక్కడ గుచ్చాలో తెలుసు, అందుకని గుండుసూది అంటారు. అమ్మమ్మ భుజాన్ని రోజూ చూసి చూసి, కీళ్ళూ కండరాలూ బాగుచేసే ఫిజియోథెరపీ చదవాలని పట్టుబట్టింది. ఈ కోటలో దానికి సీటు వచ్చింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా మొదటి వాయిదా కడితే సీటు దానిది. కట్టకపోతే వరసలో తర్వాతి వాళ్ళది. దాని అమ్మా నాన్నా ఒప్పుకున్న ఆర్డరు వదల్లేక వంటింట్లో ఉండిపోయి, "చిన్నాన్నా, మొత్తం ఎంతో తెలుసుకున్నాకే కట్టండి" అని గరిటకు మరీ మరీ చెప్పి పంపారు.

గరిటకు మాత్రం ఎంతో అప్పటికే తెలుసు. తెలుసనుకున్నాడు.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. ఎవరైనా వచ్చి "ఎంత" అంటే మేం ప్లేటు ధర చెబుతాం. ఆ ప్లేటులో అన్నీ ఉంటాయి. అన్నం, కూరలు, తాగే నీళ్ళు, చెయ్యి తుడుచుకునే కాగితం, వడ్డించే మనిషి కూలి, ఎంగిలి ప్లేటు కడిగే సబ్బు. ఉప్పుకి వేరే బిల్లు వేసిన వంటవాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. ఇంట్లో కూడా అదే అలవాటు. ఏ వస్తువు ధర విన్నా ముందు ప్లేట్లలోకి మార్చుకుంటాం. ఫ్రిజ్ అంటే మూడొందల ప్లేట్లు. పంటి డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళొస్తే నలభై. రోడ్డు పక్క పెద్ద హోర్డింగు మీద ఈ విశ్వవిద్యాలయం వాళ్ళు నవ్వుతున్న పిల్లల బొమ్మ వేసి, పక్కన ఒక అంకె వేశారు. గరిట వ్యాను ఆపి, ఆ అంకెను ప్లేట్లలోకి మార్చాడు. సరిగ్గా వెయ్యి.

"వెయ్యి ప్లేట్లేనా వదినా. రెండు పెళ్ళిళ్ళు చేస్తే పిల్ల చదువైపోయినట్టే" అన్నాడు. ప్లేటు ధరలో అన్నీ ఉంటాయి కదా. ఆ వెయ్యి ప్లేట్ల డబ్బూ ఒక గుడ్డసంచిలో పెట్టి, చంకలో ఇరికించుకుని వచ్చాడు.

దుర్గాంతర్భాగము మంచుకొండవలె చల్లగా నుండెను. సోఫాలు మెత్తగా ఉండి, కూర్చున్నవారిని నడుము దాకా మింగుచుండెను. గోడ మీది తెరలో పిల్లలు గాలిలోకి టోపీలు విసురుచుండిరి, ఎన్నిమార్లు విసిరినను అలసట లేదు. అంతట మెడలో పట్టీ, చేతిలో ట్యాబు, ముఖమున వాడని చిరునవ్వు ధరించి, దుర్గరక్షకురాలైన కౌన్సెలర్ అమ్మాయి ఎదుట కూర్చుండెను.

గరిట గొంతు సవరించుకొని, సోఫా నుండి పైకి తేలి, ఇట్లు గర్జించెను: "ఓ దుర్గరక్షకీ, ధూమమున పుట్టి ధూమమున పెరిగిన మేము, మా కులదీపమునకు విద్యాదానము కోరి మీ ముంగిట నిలిచితిమి. మీ కోటలోని చదువునకు సమస్తము కలిపి వెల యెంతయో, దాపరికము లేక, నసుగుట లేక, ఒక్క వాక్యమున సెలవిండు."

అంటే, "అమ్మా, మొత్తం ఎంతో ఒక్కసారి చెప్పేయ్, వ్యాను ఎండలో పెట్టొచ్చాం" అన్నాడు.

"తప్పకుండా అంకుల్. ముందు క్యాంపస్ చూస్తారా, వీడియో చూస్తారా?"

"ఎంతో చెబితే రెండూ చూస్తాం."

ఆ అమ్మాయి ట్యాబు మీద వేలు జరిపి, హోర్డింగు మీది అంకే చెప్పింది. గరిట వదిన వైపు తిరిగి కళ్ళెగరేశాడు. చూశావా అన్నట్టు.

"అది సెమిస్టర్‌కండి" అంది కౌన్సెలర్ అమ్మాయి.

"సెమిస్టర్ అంటే?"

"ఆర్నెల్లు."

"బోర్డు మీద అలా లేదే."

"స్టార్ ఉంది కద అంకుల్. కింద చిన్నగా రాసుంటుంది."

ఆహా, చుక్కగుర్తూ. మదగజమును చీమ పడగొట్టినట్లు, పదివందల మంది విందుకు వెరవని వీరుడు నీ దెబ్బకు మరల సోఫాలోకి నడుము దాకా మునిగిపోయెను.

అతడు మునిగినచోట పెద్దావిడ లేచెను. "కోర్సు ఎన్నేళ్ళమ్మా?"

"నాలుగేళ్ళండి. ఆ పైన ఆర్నెల్లు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్."

"అంటే అక్కడ పనిచేస్తారు. జీతం ఇస్తారా?"

"లేదండి, దానికీ ఫీజు ఉంటుంది."

"పనిచేసినందుకా?"

"నేర్చుకున్నందుకు."

గుండుసూది కిటికీలోంచి బయటికి చూస్తోంది. గరిట వేళ్ళు మడిచాడు. ఆర్నెల్లకు వెయ్యి చొప్పున తొమ్మిది వేల ప్లేట్లు. చంకలోని సంచి కాస్త కిందికి జారింది.

అప్పుడు పెద్దావిడ తన అమ్ములపొదిలో నున్న ఒకే ఒక బాణమును తీసెను. దాని పేరు "ఇంకా." చూచుటకు రెండక్షరములు. విడిచినచో కోటలో దాగిన ఒక్కొక్క రుసుమును చెవి పట్టుకొని బయటికి ఈడ్చుకొని వచ్చును.

"ఇంకా?"

"ఇంకంతేనండి. హాస్టలూ మెస్సూ వేరు."

"వేరంటే ఎంత?"

నాలుగున్నరేళ్ళకూ చూసుకుంటే అయిదు వేల ప్లేట్లు. తిండికి మా దగ్గర ప్లేట్ల లెక్క తేలిక. గరిట గొణిగాడు, "రోజూ పెళ్ళి భోజనం పెడతారు కాబోలు."

"ఇంకా?"

"అంతేనండి. అడ్మిషన్ ఫీజు ఒక్కసారే."

"ఇంకా?"

"పరీక్ష ఫీజు. ల్యాబ్ ఫీజు. కాషన్ డిపాజిట్. అది వెనక్కి ఇచ్చేస్తాం."

"ఏమీ కొయ్యకుండానా?"

"ఏమైనా విరిగితే కొంచెం తగ్గిస్తాం."

"విరిగినవి అతికించే చదువే కదమ్మా" అన్నాడు గరిట సోఫాలోంచి.

అట్లు ఆ బాణము తగిలిన కొలది, ప్రాకారము వెనుక ప్రాకారము నుండి, తెల్లకోటు ధరించిన యూనిఫాం రుసుము వెడలెను. ఆసుపత్రికి తీసుకుపోవు బస్సు రుసుము హారను మ్రోగించుచు వెడలెను. ఉన్నదో లేదో తెలియని పుస్తకశాలా రుసుము దుమ్ము దులుపుకొనుచు వెడలెను. సబ్బునురుగు పూసుకొని లాండ్రీ రుసుము వెడలెను. ఇంకను పునాది తవ్వని ఈతకొలను కొరకు డెవలప్‌మెంట్ రుసుము తడి లేని ఒంటితో వెడలెను. చివరకు డిగ్రీపట్టా చేతికిచ్చుటకు స్నాతకోత్సవ రుసుము నల్లని గౌను కుచ్చెళ్ళు సవరించుకొనుచు అందరికన్న ఠీవిగా వెడలెను.

"డిగ్రీ ఇచ్చినందుకు కూడానా?"

"గౌనుకండి."

"గౌను ఇంటికి తెచ్చుకోవచ్చా?"

"లేదండి, ఫోటో అయ్యాక ఇచ్చెయ్యాలి."

గరిట ఒక్కసారిగా హుషారయ్యాడు. "మా పిల్లకి మార్కులు బానే వచ్చాయి. రాయితీ ఉందన్నారు."

"ఉందండి. మొదటేడు ట్యూషన్‌లో పాతిక శాతం. రెండో ఏడు నుంచి మార్కులు తగ్గకపోతే కంటిన్యూ అవుతుంది."

"తగ్గకపోతే అంటే?"

"క్లాసులో పైన అయిదుగురిలో ఉండాలి."

"క్లాసులో ఎంతమంది?"

కౌన్సెలర్ అమ్మాయి ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ట్యాబులోకి చాలాసేపు చూసింది. "నూట ఇరవై" అంది.

"సరేనమ్మా. అన్నీ కలిపి ఎంతో చెప్పు" అంది పెద్దావిడ.

"కలిపి చూపించదండి సిస్టమ్‌లో. సెమిస్టర్ వారీగానే వస్తుంది."

"నువ్వు కలపలేవా?"

"మేం కలిపి చెప్పకూడదండి. సారుని అడగాలి."

కనుక యుద్ధము రెండవ ప్రాకారమునకు, అనగా అద్దాలగదికి మారెను. అచ్చట మేఘమువంటి కుర్చీలో ఆసీనుడైయున్న పెద్దసారు, తన ఎదుట నిలిచిన ముగ్గురిని చూచి, రెండు చేతులు జోడించి విప్పి ఇట్లు పలికెను. ఈయన మాటలకు నేను ఏ మెరుగూ పెట్టలేదు, ఆయన నిజంగానే ఇలా మాట్లాడతాడు.

"అమ్మా, దీన్ని మీరు ఖర్చు అనుకోవద్దు. ఇది పెట్టుబడి. మీ పాప భవిష్యత్తు మీద మీరు పెట్టే పెట్టుబడి."

"అలాగే సార్" అన్నాడు గరిట. "పెట్టుబడి ఎంత?"

"సెమిస్టర్‌కి..."

"సార్, మేం వంటవాళ్ళం" అంది పెద్దావిడ. "మా దగ్గరికొచ్చి విందు ఎంతవుతుందంటే, ఈరోజుకి ఉల్లిపాయలు ఇంత, రేపు బియ్యం సంగతి రేపు చెబుతాం అనం. అలా అంటే మీరు మాకు ఆర్డరిస్తారా?"

పెద్దసారు నవ్వాడు. మంచి నవ్వే. కాని ఫోను మోగింది. మోగిన ఫోను తీసుకుంటూ, తీసెయ్యి అన్నట్టు కౌన్సెలర్ అమ్మాయికి చెయ్యి ఊపాడు. అంకె తీసి చెప్పమన్నాడో, వీళ్ళని గదిలోంచి తీసెయ్యమన్నాడో ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మాయి మొదటిదే అనుకోవాలని నిశ్చయించుకుంది. బయట కుర్చీలో కూర్చుని, తన సొంత ఫోను తీసి, ఒక్కొక్కటీ కలిపింది. ఏటా పెంచే ఫీజు కూడా కలిపింది, మేం అడక్కుండానే. తర్వాత ఆ అంకెను గట్టిగా చదవలేక ఫోను మా వైపు తిప్పింది.

గరిట ప్లేట్లలోకి మార్చాడు. పదహారు వేలు.

ఆ క్షణమున తెర మీద టోపీలు విసురుచున్న పిల్లలు తప్ప ఆ సభలో కదిలినవారు లేరు.

అయితే గరిట ఊరికే బహుకటాహవిజేత కాడు. కొంతసేపటికి తేరుకున్నాడు. "వదినా, కంగారు పడకు. మన వంటింట్లోంచి ఏడాదికి నలభై వేల ప్లేట్లు పోతాయి. పదహారు వేలంటే అయిదు నెలల పని. నాలుగున్నరేళ్ళలో అయిదు నెలలు పిల్ల కోసం వండలేమా? కట్టేద్దాం." సంచి ముడి విప్పుచు, ఓటమి అంచుల నుండి జయము నపహరించిన మహావీరునివలె అతడు చుట్టూ చూచెను.

పెద్దావిడ సంచి మీద చెయ్యి వేసింది. కుడి చెయ్యే, కిందికి వాలుతుంది గనుక.

"గరిటా, ప్లేటులో బియ్యం ఎవరివి?"

"కొట్టువాడివి."

"గ్యాసు?"

"ఏజెన్సీవాళ్ళది."

"కూరలు, నూనె, వడ్డించేవాళ్ళ కూలి, వ్యాను డీజిలు?"

గరిట సంచి ముడి మళ్ళీ వేస్తున్నాడు.

"అన్నీ ఎవరివి వాళ్ళకిచ్చాక ప్లేటులో మనకి మిగిలేది ఎంత?"

"పదో వంతు" అన్నాడు. "మంచి రోజుల్లో."

"అయితే పదహారు వేల ప్లేట్ల డబ్బు రావాలంటే ఎన్ని ప్లేట్లు వండాలి?"

గరిట వేళ్ళు మడవలేదు. మడవక్కర్లేదు. "లక్షా అరవై వేలు" అన్నాడు.

అంతట మా ముగ్గురి కనులెదుట ఆ ప్లేట్లు సైన్యమై లేచెను. ఉదయభానుని వలె తళతళలాడుచు, ఒకదాని వెనుక నొకటి, వరుస వెనుక వరుస, అద్దాలమేడ తలుపులు దాటి, ఫౌంటెను చుట్టూ తిరిగి, రహదారి మీదుగా కనుచూపు మేర... ఇక్కడ నాకు పెద్ద మాటలు అందడం లేదు. మామూలుగా చెబుతాను. నాలుగేళ్ళ పాటు మా వంటింట్లోంచి వెళ్ళే ప్రతి ప్లేటూ అది. అద్దెకీ, మందులకీ, మా అయిదుగురి తిండికీ ఒక్కటీ మిగలకుండా. కోటవాళ్ళు తమ ఖర్చు మా దగ్గర దాచారనుకున్నాం. మా ఖర్చు మేం కూడా సరిగ్గా చూసుకోలేదు.

గుండుసూది కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి మాట. "అమ్మమ్మా, లే. ఇంటికి పోదాం."

"సీటో?"

"నీ భుజం బాగుచేద్దామని కదా ఈ చదువు అనుకున్నాను. ఇది చదివి బయటికొచ్చేసరికి నీకు భుజమే మిగలదు."

అది కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. పెట్టుకునుంటే పెద్దావిడ ఓదార్చి ఇంటికి తీసుకుపోయేది. పొడిగా అనేసి నిలబడింది. అందుకని పెద్దావిడ, "కూర్చో" అంది. తర్వాత కౌన్సెలర్ అమ్మాయి వైపు తిరిగింది.

"అమ్మా, ఇందులో తప్పనిసరి కానిది ఏదైనా ఉందా?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "లేదండి. హాస్టల్ కూడా కంపల్సరీ. లోకల్స్‌కి తప్ప."

"లోకల్స్ అంటే?"

"గేటుకి దగ్గర్లో కుటుంబంతో ఉండేవాళ్ళు."

"అయితే మేం లోకల్."

"ఫారంలో అడ్రస్ వేరే ఉందండి."

"అది పాతది."

"కొత్తది చెప్పండి, మారుస్తాను."

"ఇంకా వెతుక్కోలేదు."

కౌన్సెలర్ అమ్మాయి ముఖం మీద పొద్దుటి నుంచి ఉన్న చిరునవ్వు పోయి, దాని స్థానంలో అసలు నవ్వు వచ్చింది. పై పళ్ళలో ఒకటి కాస్త వంకర, అప్పుడే కనిపించింది. అద్దాలగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నాలుగింటిలోగా అద్దె ఒప్పందం కాగితం తెస్తే మార్చేస్తాను పిన్నిగారూ. నేనూ ఇలాంటి చోటే చదివాను. లోను ఇంకా కడుతున్నా."

కోటకు వెనుక గోడ నానుకొని, ముందరి వైభవమెరుగని ఒక ఇరుకు వీధి గలదు. అందులో సైకిలు రిపేరు, మంగలి దుకాణము, పరుపులమ్ము కొట్టు, వాటి మధ్య ఒక జిరాక్స్ షాపు. వీధి వీధంతయు గాలించిన పిమ్మట యోధులు ఆ షాపు ఎదుట నిలిచిరి. షాపావిడ యంత్రములో కాగితములు కూరుచు తల యెత్తకయే పలికెను.

"గదీ, వెనక రేకుల షెడ్డూ ఉన్నాయి. అద్దె ఇంత."

"అన్నీ కలిపి చెప్పమ్మా" అంది పెద్దావిడ.

"అద్దె చెప్పానుగా."

"కరెంటు?"

"అది వేరే మీటరు."

"ఇంకా?"

"నీళ్ళకి కొంచెం. మోటారు పాడైతే సగం మీది."

"ఇంకా?"

షాపావిడ ఇప్పుడు తలెత్తింది. "ఇదివరకు ఎక్కడ ఉండేవారండీ మీరు?"

గరిట ఆమెను పక్కకు పిలిచాడు. పెద్దావిడని, షాపావిడని కాదు. "వదినా, ఒక్క మాట. పాత వీధిలో మన ఆర్డర్లు ఏం కాను? పాతికేళ్ళ నుంచి మన చేతి వంట తింటున్న ఇళ్ళు అవి."

"కొన్ని వ్యాన్లో తీసుకెళ్ళి ఇద్దాం. కొన్ని పోతాయి."

"ఇక్కడెవరు తింటారు?"

"ఆ గోడ అవతల అన్నివేల మంది పిల్లలున్నారు."

"పిల్లలు ప్లేటుకి సగం ధర ఇస్తారు, రెండుసార్లు కూర అడుగుతారు."

"అవును" అంది ఆమె. కాదనలేదు, అది నిజం కాబట్టి. గరిట రేకుల షెడ్డులోకి వెళ్ళి పొగ ఎటు పోతుందో చూసి, పొయ్యిలు రెండే పడతాయని తిట్టుకుని, బయటికొచ్చి, "మూడు పడతాయిలే" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టు. షాపావిడ ఒప్పందం కాగితం తన యంత్రంలోనే అచ్చు తీసి ఇచ్చింది. ఆ అచ్చుకి కూడా డబ్బులు తీసుకుంది.

ఇంటికి ఫోను చేసి చెబితే పెద్దావిడ కూతురు "షెడ్డుకి తలుపుందా" అని మాత్రం అడిగింది. "ఉంది, గొళ్ళెం లేదు" అన్నాడు గరిట. "గొళ్ళెం కొనుక్కుని రండి" అంది.

నాలుగు గంటలకు కొంచెము ముందు, చెమటతో తడిసిన ఒప్పందపత్రమును ధ్వజమువలె పైకెత్తి, గరిట అగ్రభాగమున నడువ, గుండుసూది మధ్యమున నడువ, పెద్దావిడ ఎత్తలేని చేతిని ఎత్తిన దానితో సమానముగా భావించుకొనుచు వెనుక నడువ, యోధత్రయము మరల కోట ప్రవేశించెను. కౌన్సెలర్ అమ్మాయి మీట నొక్కెను. హాస్టలు ప్రాకారము, మెస్సు బురుజుతో సహా, చప్పుడు లేకుండ తెర మీద నుండి తొలగిపోయెను. సంచి ముడి వీడెను. మొదటి వాయిదా చెల్లెను. మిగిలిన ప్రాకారములన్నియు, ఈతకొలనుతో సహా, ఎక్కడివక్కడనే నిలిచియుండెను.

వ్యానులో గరిట మళ్ళీ లెక్కకు కూర్చున్నాడు. ఈసారి నేర్చుకున్నాడు, ఏదీ వదల్లేదు. హాస్టలూ మెస్సూ పోయాయి గనక అయిదు వేలు మిగులు. అందులోంచి నాలుగున్నరేళ్ళ అద్దె తీశాడు. కరెంటు, నీళ్ళు, సగం మోటారు. పొయ్యిలు తరలించే ఖర్చు. పిల్ల ఇంట్లో తినే తిండి. పోయే ఆర్డర్లు. పాత ఆర్డర్లకు వ్యాను తిరిగే డీజిలు. గొళ్ళెం. అన్నీ తీసేసి, మళ్ళీ ఒకసారి తీసి చూసి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు.

"వదినా, మిగిలింది ఎంతో తెలుసా? లాండ్రీ ఫీజంత."

"అంతేనా?"

"అంతే. పాతికేళ్ళ ఇల్లు వదిలి, రేకుల కింద కాపురం పెట్టి, మనం కొట్టుకొచ్చింది లాండ్రీ."

వెనక సీట్లోంచి గుండుసూది అంది, "తాతయ్యా, పొద్దున్న కాలేజీకి వెళ్ళేముందు డేగిసాలు నేను దింపుతాను. సాయంత్రం వచ్చాక నేను దింపుతాను. అమ్మమ్మ కలపొచ్చు, రుచి చూడొచ్చు, తిట్టొచ్చు. దింపకూడదు. హాస్టల్లో ఉంటే అది కుదరదు. నీ లెక్కలో అది వేశావా?"

గరిట అద్దంలోంచి దాన్ని చూశాడు. "వెయ్యలేదు" అన్నాడు.

"ఎందుకని?"

"ప్లేట్లలోకి మార్చడం రాలేదు" అని వ్యాను స్టార్టు చేశాడు.

కనుక ఓ పాఠకులారా, నెత్తిన కుచ్చుటోపీ లేని మహాజనులారా, చెవులారా వినుడు. పదహారు వేల ప్లేట్ల మహాదుర్గము మీదికి దండెత్తిన ముగ్గురు యోధులు, పెక్కు రుసుములతో పోరి, పెట్టుబడి అను మాయాస్త్రమును తప్పించుకొని, తమ ఖర్చు ఎంతయో చివరి కాసు వరకు తెలిసికొని, తెలిసియే, అదనపు ప్లేట్లకును కొంత అప్పునకును తల ఒగ్గి, తుదకు ఒక్క లాండ్రీ రుసుమును జయించిరి. దిక్కులు పిక్కటిల్లునట్లు చాటుచున్నాను. విశ్వవిద్యాలయమున మా పిల్ల బట్టలు ఉతుకుటకు మాకు ఒక్క కాసైన ఖర్చు కాదు. అవి రేకుల షెడ్డు వెనుక తీగ మీద, ఎండలో, తెల్లకోటుతో సహా ఆరుచున్నవి.

ఇట్లు,
ప్లేట్ల మామ్మ అని గోడ అవతలి పిల్లలు పిలిచే మనిషి,
వయసు అరవై అయిదు,
ప్రస్తుతం ఉంటున్నది విశ్వవిద్యాలయం వెనక వీధి, జిరాక్స్ షాపు పెరట్లో. మూడు పొయ్యిలు పట్టాయి.